ఇతరుల గుర్రాల మీద స్వారీకి అనుమతి ఎలా అడగాలి? (బెంగుళూరు)

ప్రశ్న: యలహంక నివాసి

అందరికీ నమస్కారం. మాది నంద్యాల. తొమ్మిదేళ్లుగా బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ యలహంక వైపు ఉంటున్నాను. నగరానికి ఉత్తరాన ఉన్న ఒక శిక్షణ కేంద్రంలో గుర్రపుస్వారీ నేర్చుకోవడం మొదలుపెట్టి ఇప్పటికి 16 నెలలైంది. వారానికి రెండు పాఠాలు, ఒక్కొక్కటి 45 నిమిషాలు. నడక, ట్రాట్ (దుడుకు నడక) ఇబ్బంది లేకుండా చేస్తాను. క్యాంటర్‌లో, అంటే అంతకంటే వేగమైన పరుగులో, అరీనా (స్వారీ చేసే ఆవరణ) చుట్టూ నాలుగైదు చుట్లు అదుపు తప్పకుండా తిరగగలను. 60 సెంటీమీటర్ల ఎత్తున్న కడ్డీ వరకు దూకించాను. మూడుసార్లు పడ్డాను. నా బరువు 78 కిలోలు.

శిక్షణ కేంద్రపు గుర్రాలు రోజుకు ముగ్గురు నలుగురు విద్యార్థులను మోసి మోసి ఆరితేరిపోయాయి. శిక్షకుడి గొంతు వినబడితే చాలు, నా మడమ తగలకముందే ట్రాట్‌లోకి వెళ్తాయి. ముందు వెళ్తున్న గుర్రం ఆగితే తామూ ఆగుతాయి. దానితో నేను గుర్రాన్ని నడుపుతున్నానా, లేక అలవాటైన దారిలో అదే నన్ను తిప్పి తెచ్చి దింపుతోందా అన్న అనుమానం నన్ను వదలడం లేదు. వేరే వేరే స్వభావాలున్న గుర్రాలను ఎక్కితే తప్ప ఈ అనుమానం తీరేలా లేదు.

మా కేంద్రంలోనే ప్రైవేటు వ్యక్తులు నెలకింత అని చెల్లించి ఉంచుకున్న గుర్రాలు ఐదు ఉన్నాయి. వాటి యజమానులు చాలావరకు శని, ఆదివారాల్లోనే వస్తారు. మిగతా రోజుల్లో సాయీసు (గుర్రాలను చూసుకునే పనివాడు) వాటిని తాడు పట్టుకుని కాసేపు నడిపించి మళ్లీ కట్టేస్తాడు. వాటిలో ఒకదాని మీద వారానికి ఒకటి రెండు రోజులు స్వారీ చేయనివ్వమని యజమానులను అడగడం మర్యాదేనా? అడిగితే ముందుగా ఎవరిని అడగాలి: యజమానినా, శిక్షకుడినా, సాయీసునా? డబ్బు ఇస్తాననాలా, అంటే తప్పుగా తీసుకుంటారా? పక్కింటివారిని బండి అడగడానికే మొహమాటపడే కుటుంబంలో పెరిగినవాణ్ణి. గుర్రాన్ని అడగడానికి నోరు రావడం లేదు. యజమానులు ఎవరైనా ఇక్కడ ఉంటే వారి వైపు నుంచి చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం: ఒక గుర్రం యజమాని, దేవనహళ్ళి వైపు

యలహంక నివాసి గారూ, మీరు అడగబోయేది నాలాంటివారినే కనుక నేనే ముందుగా రాస్తున్నాను. మాది చిత్తూరు జిల్లా. నా దగ్గర తొమ్మిదేళ్ల గెల్డింగ్ (విత్తులు తీసేసిన మగగుర్రం) ఒకటి ఉంది. ఒకప్పుడు పందేల్లో పరుగెత్తిన గుర్రం. ఐదేళ్లలో ఎనిమిది మంది దాన్ని ఎక్కనివ్వమని అడిగారు. ఇద్దరికి ఇచ్చాను.

అడగడంలో నామోషీ ఏమీ లేదు. మన బెంగుళూరు రౌతు ఫవాద్ మీర్జా 2018 ఆసియా క్రీడల్లో వ్యక్తిగత విభాగంలో రజతం గెలిచింది, 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో 23వ స్థానం దాకా వెళ్లింది సెన్యోర్ మెడికాట్ అనే గుర్రం మీద. ఆ గుర్రం ఆయన సొంతం కాదు, ఎంబసీ గ్రూప్ అనే రియల్ ఎస్టేట్ సంస్థ కొన్నది. అంతటివారే ఇంకొకరి గుర్రం ఎక్కుతున్నప్పుడు మీరూ నేనూ మొహమాటపడవలసిన పని లేదు.

ఇక మా భయాలు. మొదటిది గుర్రం నోరు. దాని ముందుపళ్లకూ దవడపళ్లకూ మధ్య పళ్లు లేని ఖాళీ ఉంటుంది. కళ్లెంలోని బిట్ అనే ఇనుపకడ్డీ ఆనేది అక్కడే, అక్కడ ఎముక మీద పల్చని చర్మం తప్ప మరేమీ లేదు. తూలినప్పుడల్లా పగ్గాలు పట్టుకుని నిలదొక్కుకునే అలవాటున్న మనిషి వారానికి రెండు రోజులు ఎక్కితే, రెండు నెలల్లో ఆ నోరు మొద్దుబారుతుంది, లేదా గుర్రం తల ఎగరేసి పోట్లాడడం మొదలుపెడుతుంది. దాన్ని మళ్లీ దారికి తెచ్చుకోవడానికి నాకు ఆరు నెలలు పడుతుంది. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని మన పెద్దలు అన్నారు కానీ, నా అనుభవంలో చెయ్యి మొరటైన రౌతు చేసే నష్టమే ఎక్కువ.

రెండోది ఖర్చు. నెలనెలా గుర్రానికి అయ్యేది ఒక ఇంటి అద్దెకు తీసిపోదు. అది కుంటిందంటే ఆ ఖర్చు అలాగే సాగుతూ పైన డాక్టరు ఫీజు చేరుతుంది, నేను మాత్రం వారాల తరబడి నేల మీద నిలబడి దాన్ని చూస్తూ ఉండాలి. మూడోది, మీరు పడితే ఏమిటన్నది. మీకు దెబ్బ తగిలితే మీ ఇంట్లోవాళ్లకు నేనేం సమాధానం చెప్పాలి?

ఈ మూడింటికీ జవాబు మీ మొదటి సందేశంలోనే ఉండాలి. ఎన్ని నెలలుగా నేర్చుకుంటున్నారు, ఏమేం చేయగలరు, బరువెంత, ఏయే రోజుల్లో రాగలరు, ఎన్నిసార్లు పడ్డారు, మీ గురించి ఏ శిక్షకుడు చెప్పగలరు అన్నవి రాయండి. ఈ ప్రశ్నలో మీరు పడిన లెక్క కూడా రాశారు చూడండి, అది చదవగానే నాకు మీ మీద నమ్మకం కలిగింది. నన్ను అడిగినవారిలో ఒకాయన "అన్నీ వచ్చండీ" అన్నారు, ఆ మాటతోనే నా జవాబు తేలిపోయింది. నేను ఇచ్చినవారిలో ఒకావిడ, "నాలుగుసార్లు పడ్డాను, చివరిసారి కడ్డీ దగ్గర కిందికి చూసినందుకు పడ్డాను" అని రాశారు. పడడం ఎవరికైనా ఉంటుంది. ఎందుకు పడ్డారో తెలిసినవారు కొద్దిమందే.

మరొక మాట. మొదటే స్వారీ అడగకండి. "మీరు రాని రోజుల్లో వచ్చి గుర్రానికి మాలీసు చేసి, డెక్కలు శుభ్రం చేసి, తాడు పట్టుకుని నడిపించడానికి అనుమతిస్తారా" అని అడగండి. మూడు నాలుగు వారాలు అలా వస్తే గుర్రం మిమ్మల్ని ఎరుగుతుంది, నేనూ ఎరుగుతాను. గుర్రం వెనక నుంచి వెళ్లేటప్పుడు మీరు గొంతు వినిపిస్తారా లేదా, తాడును చేతికి చుట్టుకునే ప్రమాదకరమైన అలవాటు ఉందా అన్నవి నాకు అక్కడే తెలిసిపోతాయి. జీను మీద కూర్చున్నాక నేను కొత్తగా తెలుసుకునేది చాలా తక్కువ. ఆ తరువాత మొదటి స్వారీ నా ఎదుట, అరీనాలో, ఇరవై నిమిషాలు.

డబ్బు విషయం. స్వారీకి ఇంత అని ఇవ్వజూపితే అది కిరాయి గుర్రమవుతుంది, చాలామందికి నచ్చదు. ఐదారు వారాలకోసారి లాడాలు మార్చే ఖర్చు నేను పెట్టుకుంటాననండి, లేదా నెల ఖర్చులో ఒక వాటా అడగండి. ఇలా వాటా తీసుకుని రోజులు పంచుకోవడాన్ని హాఫ్ లీజ్ అంటారు. అది కుదిరితే ఏ రోజులు మీవి, కడ్డీలు దూకించవచ్చా లేదా, గుర్రం జబ్బుపడితే ఎవరి బాధ్యత ఎంత అన్నవి కాగితం మీద రాసుకోండి. స్నేహంగా ఉన్నప్పుడే రాసుకోవాలి, గొడవ వచ్చాక రాసేది ఫిర్యాదే.

సమాధానం: పేరు చెప్పుకోలేని పాత రౌతు

ముందుగా ఎవరిని అడగాలన్న మీ ప్రశ్నకు నా తప్పే జవాబు కనుక రాస్తున్నాను.

చాలా ఏళ్ల కిందట నేను నేర్చుకుంటున్న చోట ఒక అందమైన ఆడగుర్రం ఉండేది. దాని యజమాని విదేశంలో ఉండేవారు. నేను సాయీసుకు ఐదు వందల రూపాయలిచ్చి, ఎవరూ రాకముందే తెల్లవారుజామున ఆ గుర్రాన్ని ఎక్కడం మొదలుపెట్టాను. రెండుసార్లు బాగానే గడిచింది. మూడోసారి క్యాంటర్‌లో నాలుగు చుట్లు తిప్పాను. ఆ సాయంత్రానికి దాని ముందు కాలు మోకాలి కింద వెనకవైపు వాచి, చెయ్యి పెడితే వేడిగా తగిలింది. అక్కడి స్నాయువుకు అంతకుముందే దెబ్బ తగిలిందనీ, డాక్టరు మూడు నెలలు నడక తప్ప మరేమీ వద్దన్నారనీ నాకు అప్పుడు తెలిసింది. సాయీసు నాకు చెప్పలేదు, నేను అడగలేదు. అతనికి ఆ డబ్బు అవసరం, నాకు ఆ గుర్రం కావాలి. ఇద్దరం ఎదుటివాడు చూసుకుంటాడనుకున్నాం.

సాయీసు ఉద్యోగం పోయింది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, ఎందుకంటే అతను నా పేరు చెప్పలేదు. తొమ్మిది రోజుల తరువాత నేనే యజమానికి ఫోన్ చేసి జరిగినదంతా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు, ఆ తరువాత "థాంక్యూ" అని పెట్టేశారు. ఆ మనిషిని మాత్రం తిరిగి పనిలోకి తీసుకోలేదు.

కనుక సాయీసుకు రోజూ నమస్కారం చెప్పండి, గుర్రం గురించి అతనికి తెలిసినంత యజమానికి కూడా తెలియదు కనుక అతన్ని అడిగి నేర్చుకోండి, కానీ అనుమతి మాత్రం అతని దగ్గర తీసుకోకండి. శిక్షకుడికి ముందు చెప్పి, ఆయన ద్వారానో ఆయనకు తెలిసేలాగానో యజమానిని అడగండి. ఆవరణలో ఏది జరిగినా మాట పడేది శిక్షకుడే.

సమాధానం: పందెపు గుర్రాల దగ్గర పనిచేసినవాడిని

పైన యజమాని గారు తమది పందేల్లో పరుగెత్తిన గుర్రమని రాశారు. బెంగుళూరులో ప్రైవేటు యజమానుల దగ్గర ఉన్నవాటిలో అలాంటివే ఎక్కువ. ఇక్కడ వేసవిలో ఒకటి, శీతాకాలంలో ఒకటి పందేల సీజన్లు నడుస్తాయి. సీజన్ ముగిసేసరికి ఇక గెలవవని తేలిన థరోబ్రెడ్లు (పందెపు జాతి గుర్రాలు) తక్కువ ధరకు, ఒక్కోసారి ఊరికే చేతులు మారతాయి. జాలితో తీసుకుని, తరువాత తీరిక లేక చూస్తూ ఉండిపోయే యజమానులు ఉన్నారు. అడగగానే "తప్పకుండా ఎక్కండి" అనేది వీళ్లే, మీరు ఎక్కువ జాగ్రత్తపడవలసిందీ వీళ్ల గుర్రాల దగ్గరే.

మీరు నేర్చుకున్న భాష దానికి రాదు. పందెపు రౌతు రికాబులు చాలా పొట్టిగా కట్టుకుని వీపు మీదికి లేచి ఉంటాడు కనుక, పక్కటెముకలకు పొడుగైన కాలు ఆనడం దానికి కొత్త. మీరు పట్టు కోసం కాళ్లు బిగిస్తే అది పరుగెత్తమన్నారనుకుంటుంది. ఆపుదామని పగ్గాలు బిగించి అలాగే పట్టుకుంటే, పందెంలో అలవాటైనట్టు ఆ బిగువు మీద ఆనుకుని మెడ చాచి మరింత ఊపందుకుంటుంది. అక్కడ రౌతును మరొకరు కాలు పట్టి పైకి ఎక్కిస్తారు, గుర్రం నడుస్తూనే ఉంటుంది. దిమ్మ పక్కన కదలకుండా నిలబడి ఎక్కించుకోవడం దానికి ఎవరూ నేర్పి ఉండరు. ఇవన్నీ మళ్లీ నేర్పించిన గుర్రమైతే దానంత చురుకైన నేస్తం దొరకదు. పందేలు మానాక ఎవరు నేర్పారు, ఎన్నాళ్లు నేర్పారు అని తప్పక అడగండి. జవాబు సరిగా రాకపోతే 16 నెలల అనుభవంతో దాని జోలికి వెళ్లకండి.

సమాధానం: పశువైద్యుడు, హెబ్బాళ

ఆవరణలోకి వెళ్లి గుర్రాన్ని ఎంచుకునే ముందు ఒక లెక్క వేసుకోండి. రౌతు, జీను, మిగతా సామాను అంతా కలిపి గుర్రం బరువులో 20 శాతం దాటకూడదన్నది మేము పాటించే హద్దు. 450 కిలోల థరోబ్రెడ్ అయితే 90 కిలోలు. మీరు 78, జీను, హెల్మెట్, బూట్లు కలిపి మరో పది అనుకుంటే 88, అంటే హద్దుకు దగ్గరగా ఉన్నారు. 350 కిలోల కాఠియావాడీ జాతి గుర్రమైతే హద్దు 70 దగ్గరే ఆగుతుంది, దాన్ని అడగవద్దు. యజమాని మొహమాటానికి సరేనన్నా మీరే వద్దనండి.

మీ ప్రశ్నలో నాకు ఆందోళన కలిగించిన వాక్యం ఒకటుంది: మిగతా రోజుల్లో నడిపించి కట్టేస్తారన్నది. పని లేని రోజుల్లోనూ దాణా తగ్గించకుండా పెట్టి, ఒక్కసారిగా గట్టి పని చేయిస్తే కొన్ని గుర్రాలకు వెనక కాళ్ల కండరాలు కొయ్యబారిపోతాయి. చెమటలు పట్టి, అడుగు వేయలేక నిలబడిపోతాయి, మూత్రం ముదురు గోధుమరంగులో వస్తుంది. బండ్లు లాగే గుర్రాలకు ఆదివారం సెలవు తరువాత వచ్చేది కనుక పాతకాలం నుంచి దీన్ని సోమవారపు జబ్బు అంటారు. అలా జరిగితే దాన్ని శాలదాకా నడిపించే ప్రయత్నం చేయకండి, ఉన్నచోటే నిలిపి డాక్టరును పిలవండి. జరగకుండా ఉండాలంటే, కిందటిసారి దాన్ని ఎప్పుడు ఎక్కారు, ఎంతసేపు పని చేసింది, దాణా ఎంత అని ప్రతిసారీ అడిగి, మొదటి రెండు వారాలు నడకా, కొద్దిపాటి ట్రాట్‌తో సరిపెట్టండి. దాణా తిన్న గంటలోపు ఎక్కకండి. గుర్రం వాంతి చేసుకోలేని జంతువు, దాని కడుపునొప్పి ప్రాణం మీదికి రావచ్చు.

మీ గురించి కూడా ఒక మాట. లద్దె, మట్టి ఉన్నచోట ధనుర్వాతం క్రిములు ఉంటాయి కనుక టెటనస్ టీకా వేయించుకున్నారో లేదో చూసుకోండి. రెండు మూడు చోట్ల గుర్రాలు ఎక్కడం మొదలుపెడితే ఒకచోటి బ్రష్షులు, జీను కింది బట్టలు ఇంకోచోటికి తీసుకెళ్లకండి. తామర మొదలు జలుబు దాకా వాటితోనే ప్రయాణం చేస్తాయి. గుర్రాలకు గ్లాండర్స్ అనే అంటువ్యాధి పరీక్ష చేయించారా అని అడగడానికి సంకోచించకండి, అది మనుషులకూ సోకే జబ్బు.

నేను కొంతకాలం చెన్నైలో పనిచేశాను. అక్కడి ఉక్కకు కొన్ని గుర్రాలకు చెమట పట్టడమే మానేసి, ఊపిరి ఎగబీల్చుకుంటూ నిలబడేవి. మన బెంగుళూరు వాతావరణం ఆ విషయంలో దయగలదే కానీ, ఏప్రిల్‌లో పది గంటల ఎండలో స్వారీ ఇక్కడా వద్దు.

మళ్లీ యలహంక నివాసి

సమాధానమిచ్చిన పెద్దలందరికీ కృతజ్ఞతలు. నెలన్నర తరువాత జరిగినది చెప్పడానికి వచ్చాను. సాయీసు విషయం రాసినవారికి ప్రత్యేకంగా రుణపడి ఉన్నాను, ఎందుకంటే ఆ వారమే నేను సాయీసుతో మాట్లాడదామనుకున్నాను.

బరువు లెక్క ప్రకారం ఐదింటిలో రెండు చిన్నవి జాబితాలోంచి పోయాయి. మరొకదాని గురించి, పందేలు మానాక ఎవరు నేర్పారని శిక్షకుడిని అడిగితే ఆయన నవ్వి ఊరుకున్నారు, అదీ పోయింది. మిగిలిన రెండింటిలో ఒక పదకొండేళ్ల ఆడగుర్రం యజమానురాలికి, శిక్షకుడి అనుమతి తీసుకుని ఇలా రాశాను: "మేడమ్, నేను ఇక్కడే 16 నెలలుగా నేర్చుకుంటున్నాను. క్యాంటర్ వరకు వచ్చు. మూడుసార్లు పడ్డాను, అందులో రెండుసార్లు మలుపులో లోపలివైపు ఒరిగినందుకు పడ్డాను. బరువు 78 కిలోలు. మంగళ, గురువారాల్లో ఉదయం ఆరుంబావుకు రాగలను. మీరు రాని రోజుల్లో మీ గుర్రానికి మాలీసు చేసి, నడిపించడానికి అనుమతిస్తారా? స్వారీ గురించి మీకు నమ్మకం కలిగినప్పుడు మీరే చెప్పండి, కలగకపోయినా నాకు అభ్యంతరం లేదు."

చివరి వాక్యం పూర్తిగా నిజం కాదు, కొంచెం అభ్యంతరం ఉంటుంది. నాలుగు రోజులకు జవాబు వచ్చింది: "స్వారీ ఇప్పుడే కాదు. మిగతాదానికి రండి." ఐదు వారాలుగా వెళ్తున్నాను. మొదటి వారం అది నా వైపు వెనక కాళ్లు తిప్పి నిలబడేది, ఇప్పుడు నా అడుగుల చప్పుడుకే తల బయటపెడుతోంది.

ఇప్పుడొక చిన్న సందేహం. నిన్న మాలీసు చేస్తుంటే, జీను పట్టీని పొట్ట కింద బిగించే చోట, దాని ముందుకాలి మోచేతి వెనక రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు ఊడి చర్మం ఎర్రబడి కనిపించింది. ఆవిడ శనివారం వచ్చి జీను వేస్తారు. నేను ఆవిడకు చెబితే సాయీసు మీద చాడీ చెప్పినట్టవుతుందా? అతనితో నాకు మంచి స్నేహం ఏర్పడింది.

సమాధానం: ఒక గుర్రం యజమాని, దేవనహళ్ళి వైపు

ఈరోజే చెప్పండి, శనివారం దాకా ఆగకండి. ముందు సాయీసును పిలిచి చూపించండి, "మేడమ్‌కు ఫోటో పంపుతున్నాను, మనిద్దరం కలిసి చూశామని రాస్తాను" అని అతని ఎదుటే పంపండి. అప్పుడది చాడీ కాదు, అతను కూడా చూసి చెప్పినట్టే అవుతుంది. పుండు మీద పసుపు, పౌడరు లాంటివి మీరుగా ఏమీ రాయకండి. ఆ పట్టీని తిప్పి లోపలివైపు చూడండి, ఎండిన చెమటతో గట్టిపడి ఉంటుందని నా అనుమానం. అలా ఉంటే దాన్ని ఉతకవచ్చా అని అదే సందేశంలో ఆవిడను అడగండి.